వంటయింటి ముచ్చటలు: గాలివేడిలో చేపలు, రొయ్యలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము సముద్రమునకు దూరమైన మెట్టపట్టణములు. చెరువులలోని శీలావతి, బొచ్చె చేపలు మనకు చిరపరిచితములు. వంజరము, చందువ, కానగంతలు, రొయ్యలు మాత్రము తీరమునుండి మంచుగడ్డలలో ప్రయాణముచేసి మనకడకు రావలెను. ప్రియముగా కొన్న ఆ చేపను కరకరలాడునట్లు చేసి పిల్లలకు పెట్టవలెనని ఏ తల్లి కోరదు? అందులకై నేడు పెక్కుయిండ్లలో ‘ఎయిర్ ఫ్రయరు’ వెలసినది. దానిని గూర్చి సోదరీమణులకు కొన్ని మాటలు విన్నవించుచున్నాము.

ఫిలిప్సు సంస్థవారు 2010లో ఎయిర్ ఫ్రయరును విపణికి తెచ్చిరి. పేరున వేపుడున్నను ఇందు జరుగునది వేపుడు కాదు. పైనున్న పంకా, కాగిన తీగల వేడిని గాలితో కలిపి బుట్టలోని వస్తువుచుట్టును వడిగా త్రిప్పును. ఆ గాలి పైతడిని లాగివేయగా పొర యెండి, ఎర్రబడి, కరకరలాడును. తడి యున్నంతసేపు చేప ఉడుకునే గాని కరకరలాడదు. ఈ మర్మ మెరిగినచో తక్కినదంతయు సులభము.

మొదట చేపను పరీక్షింపవలెను. కన్ను మెరయుచు ఉబ్బియుండవలెను. మొప్పలు ఎర్రగా నుండవలెను. వ్రేలితో నొక్కిన కండ వెంటనే పైకి లేవవలెను. కానగంతలవంటి చేపలు మంచులేక నిలువయున్నచో వానిలో పుట్టు విషము ఎంత కాచినను నశింపదు. కావున సందేహమున్న చేపను మసాలాతో కప్పిపుచ్చక, కొనకయే విడుచుట మేలు.

అరకిలో వంజరపుముక్కలను అరంగుళము మందమున కోయించి, కడిగి, నీరోడ్చి, శుభ్రమైన గుడ్డతో అద్దవలెను. ఉప్పు, పసుపు, కారము, అల్లము వెల్లుల్లి ముద్దలను నీరు చేర్చక, కొలదిగా నిమ్మరసముతో కలిపి పట్టించి, చల్లనిచోట అరగంట యుంచవలెను. పిమ్మట రెండు చెంచాల బియ్యపుపిండి పలుచగా అద్ది, రెండు చెంచాల వేరుశనగనూనె పూయవలెను. బొత్తిగా నూనె లేనిచో పిండి తెల్లగానే మిగులును. బజ్జీలకు వలె జారుపిండిలో ముంచరాదు. అది గట్టిపడకమునుపే క్రిందికి కారును. యంత్రమును 3 నిమిషములు ముందుగా కాచి, ముక్కలు ఒకదానిపై నొకటి పడకుండ పరచి, 190 డిగ్రీల వేడిలో 12 నిమిషము లుంచి, నడుమ నొకసారి త్రిప్పవలెను. కండ తెల్లబడి పొరలుగా విడినచో ఉడికినట్లు. రొయ్యలకు 7, 8 నిమిషములు చాలును. మించినచో రబ్బరువలె సాగును.

ఈ పద్ధతివలని ముఖ్యలాభము కరకర కాదు. బాణలిలో చేపలు వేయించినపిదప మిగిలిన నూనెను పారబోయుటకు మనసొప్పక మరల మరల కాచుట మన యిండ్ల అలవాటు. అట్లు కాగినకొలది నూనె చెడును. అందలి ధ్రువపదార్థములు నూటికి 25 పాళ్లు మించినచో వాడరాదని జాతీయ ఆహారభద్రతా సంస్థవారి నిబంధన 2018 జూలైనుండి అమలునకు వచ్చినది. దానిని కొలుచు సాధనము మన వంటయింట లేదు గదా! నూనె మిగులకుండుటయే మనకు క్షేమము. చేప చిటపటలాడి చేతులపై నూనె చిందు బాధయు తప్పును.

లోపములును చెప్పవలెను. బుట్ట చిన్నది, ఆరుగురున్న యింట మూడు వాయలు తప్పవు. 1400 వాట్ల యంత్రము 15 నిమిషములు ఎడతెగక కాగినచో యూనిటులో మూడవవంతు కరెంటు పట్టును. యంత్రము లేని సోదరి చింతింప నక్కరలేదు. ఇనుపపెనముపై మూడు చెంచాల నూనెతో, తడి యద్దిన ముక్కలనే నిదానముగా కాల్చినచో ఇంచుమించుగా ఆ రుచియే వచ్చును. రాగిసంగటికిని, మదనపల్లె టమాటా పచ్చడికిని రెండును సరిజోడే.

బాహుకుడు వండిన మాంసము రుచిచూచి దమయంతి అతడు నలుడని గుర్తించెనని భారతకథ. ఆమె గుర్తించినది పొయ్యిని కాదు, చేతిని. సోదరీమణులు చేసిచూచి, తమ యనుభవమును మాకు వ్రాయుదురు గాక.