ముక్కు పనిచేయనివారు మన ఇంట ఉంటే



చూపు తగ్గితే కళ్ళజోడు కొంటాము. చెవి వినబడకపోతే ఇంటిల్లిపాదీ గట్టిగా మాట్లాడుతాము. వాసన తెలియకపోతే మాత్రము దానినొక లోపముగా లెక్కచేయము. ఈ నెల మేము ఈ సంగతి వ్రాయుటకు కారణమిదే.

2020లో కరోనా వచ్చినప్పుడు ఎందరికో వాసన పోయింది. చాలామందికి కొద్ది వారాలలో తిరిగి వచ్చింది గాని కొందరికి పూర్తిగా రాలేదు. జలుబు, ముక్కులో కండ పెరగడము, తలకు తగిలిన దెబ్బ, ముసలితనము కూడ ఇందుకు కారణములే.

నాలుకకు ఉప్పు, పులుపు, తీపి, చేదు వంటి కొన్ని రుచులే తెలుస్తాయి. కారము మంటగా తెలుస్తుంది. పోపు కమ్మదనము, ఆవకాయ ఘుమఘుమ ముక్కు ద్వారానే అందుతాయి. అందుచేత తాతయ్య "కూర చప్పగా ఉందమ్మా" అంటే కోడలి వంటకు వంక పెడుతున్నాడని అనుకోవద్దు. అలాగని ఉప్పు పెంచితే రక్తపోటుకు చేటు గనుక, కొంచెము నిమ్మరసము పిండి పెట్టండి.

అసలు ప్రమాదము వేరే ఉన్నది. వంటగ్యాసుకు సహజముగా వాసన లేదు. కారితే తెలియాలని మెర్‌కాప్టాన్ అనే ఘాటైన పదార్థమును అందులో కలుపుతారు. ముక్కు పనిచేయనివారికి ఆ హెచ్చరిక చేరదు. పొగ, పాచిపోయిన కూర, పురుగుమందు పడిన బట్ట విషయములోను అంతే. కాబట్టి వారిని ఒంటరిగా విడిచి పొలానికి వెళ్ళేటప్పుడు గ్యాసు రెగ్యులేటరు ఆపండి. మిగిలిన కూర ఏ పూటదో చెప్పి పెట్టండి. పురుగుమందు డబ్బాలు ఇంటిలో ఉంచకండి. "ఏమైనా వాసన వస్తున్నదా?" అని వారు అడిగితే విసుగుకొనక లేచి చూడండి.

రెండు మూడు వారాలైనా వాసన తెలియకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపించండి. తలకు దెబ్బ తగిలిన తరువాత పోతే ఆలస్యము చేయరాదు. 2009లో జర్మనీ వైద్యులు ఒక అభ్యాసమును ప్రచురించారు. గులాబీ, నిమ్మ, లవంగము, నీలగిరి తైలముల వాసనలను రోజుకు రెండుసార్లు, 12 వారాలు శ్రద్ధగా చూడడమే అది. అందరికీ కాకపోయినా కొందరికి మేలు జరిగింది.

పౌలు అవయవములను గూర్చి కొరింథీయులకు వ్రాసినప్పుడు వాసన చూచుటను కూడ మరువలేదు. ఒక అవయవము తక్కువైనచోట మిగిలినవి దానికొరకు పనిచేయవలెను. ఇంటిలో ఒకరి ముక్కు పనిచేయనప్పుడు మిగిలినవారి ముక్కే వారికి కాపలా.