ఫాతిమా: పేరులోని గౌరవం, కాగితంపైని హక్కు

బిడ్డ పుట్టగానే చెవిలో అజాన్ వినిపిస్తాము. ఏడవ నాడు అఖీఖా చేసి పేరు పెడతాము. మంచి పేరు పొందడం బిడ్డకు తల్లిదండ్రులపై ఉన్న హక్కు అని మన ధార్మిక సంప్రదాయం బోధిస్తుంది. 'అవిధేయురాలు' అనే అర్థమిచ్చే పేరు గల ఒక స్త్రీకి దైవప్రవక్త ముహమ్మద్ (స) 'జమీలా' అని పేరు మార్చారు. పేరు పట్ల ఇస్లాం చూపిన శ్రద్ధకు ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ముస్లిం కుటుంబాలలో నానీలు, దాదీలు ఫాతిమా బీలు, ఖదీజా బీలు, హలీమా బీలు. వారి మనుమరాళ్ళలో జోయాలు, అలీనాలు, ఇనాయాలు ఎక్కువగా వినిపిస్తున్నారు. కాలంతోపాటు పేర్లు మారడం సహజమే. అయితే ఈ మార్పులో ఎంత భాగం అభిరుచిదో, ఎంత భాగం భయానిదో మనల్ని మనం ప్రశ్నించుకోవలసి ఉన్నది.

'ఫాతిమా' అనే అరబీ పదానికి మూలం పాలు మాన్పించడం, వేరుచేయడం అనే అర్థాన్నిచ్చే ధాతువు. పసికందులు తరచూ మరణించే ఆ కాలంలో, బిడ్డ పాలు మానే వయసుకు చేరాలన్న ఆశ ఈ పేరులో ఇమిడి ఉన్నదనుకోవచ్చు. ఇస్లాంకు ముందు నుంచే ఇది వాడుకలో ఉన్నది. ప్రవక్త (స) నాయనమ్మ పేరు ఫాతిమా. హజ్రత్ అలీ (రజి) తల్లి పేరూ అదే. హజ్రత్ ఉమర్ (రజి) హృదయం ఇస్లాం వైపు మళ్ళడానికి కారకురాలైన ఆయన సోదరి కూడా ఫాతిమాయే.

అయితే ఈ పేరుకు శాశ్వత గౌరవం తెచ్చినవారు ప్రవక్త (స) కుమార్తె హజ్రత్ ఫాతిమా (రజి). ఆమె వచ్చినప్పుడు ప్రవక్త (స) లేచి నిలబడి, ఎదురేగి, తమ స్థానంలో కూర్చోబెట్టుకునేవారని హదీసులు తెలుపుతున్నాయి. ఆడపిల్లను భారంగా చూసిన సమాజంలో ఒక తండ్రి కూతురి కోసం లేచి నిలబడడం సామాన్య విషయం కాదు. ఈ పేరు పెట్టుకోవడమంటే ఆ మర్యాదను మన ఇంటి కూతురికి బాకీపడడమే.

మొరాకోలోని ఫెజ్ నగరంలో 859లో ఖరవియ్యీన్ విద్యాకేంద్రాన్ని ఫాతిమా అల్ ఫిహ్రీ స్థాపించారని సంప్రదాయం చెబుతున్నది. సావిత్రీబాయి ఫూలే 1856లో భర్తకు రాసిన లేఖలో తమ పనిభారాన్ని మోస్తున్న ఫాతిమాను ప్రస్తావించారు. 1989లో సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి అయినవారు జస్టిస్ ఫాతిమా బీవీ. తెలుగు నేలకూ ఈ పేరు పరాయిది కాదు. పల్లెల పీర్ల పండుగలో కులమతాలకు అతీతంగా జనం బీబీ ఫాతిమాను తలచుకుంటారు. కాజీపేటలోని ఫాతిమానగర్‌కు ఆ పేరు వచ్చింది క్రైస్తవుల ఫాతిమా మాత వల్ల. ఆ మాతకు ఆ పేరు పోర్చుగల్‌లోని ఫాతిమా అనే ఊరి వల్ల వచ్చింది.

ఇంతటి పేరును ఎందుకు వదులుకుంటున్నాము? అద్దె ఇంటి యజమాని ఏమంటాడో, తరగతిలో హాజరు పిలిచినప్పుడు తోటి పిల్లలు ఎలా చూస్తారో అన్న సంకోచం కారణమైతే, అది పేరులోని లోపం కాదు, సమాజంలోని లోపం. ఆ లోపాన్ని సరిదిద్దమని అడగవలసింది పోయి పేరునే దాచుకుంటే, బిడ్డకు తొలి పాఠంగా భయాన్నే నేర్పినవారమవుతాము.

పేరు నిలుపుకున్నవారికి మరో సమస్య ఎదురవుతున్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ రెండు జిల్లాలలోనూ ముస్లింలు నూటికి ఒక్కరు కూడా లేరు. మన పేర్లు కార్యాలయ సిబ్బందికి అంతగా పరిచయం లేనివి. 'ఫాతిమా' ఒకచోట 'పాతిమ', మరొకచోట 'ఫాత్మాబీ'. ఇంగ్లీషులో ఒక పత్రంలో 'టి' తర్వాత 'హెచ్' ఉంటుంది, మరొకదానిలో ఉండదు. 'బీ' కాస్తా 'బేగం' అవుతుంది. 'షేక్' ముందుకో వెనుకకో జరుగుతుంది. బీసీ-ఈ ధ్రువపత్రం, ఉపకారవేతనం, పాస్‌పోర్టు, ఓటరు జాబితా: ఎక్కడికక్కడ ఆ ఒక్క అక్షరం అడ్డు తగులుతుంది. పెళ్ళి తర్వాత ఇల్లు మారే ఆడపిల్లకు ఈ కష్టం రెట్టింపు.

2023 అక్టోబరు 1 నుంచి ఈ విషయం మరింత కీలకమైనది. జనన మరణాల నమోదు చట్టానికి చేసిన సవరణ ప్రకారం, ఆ తేదీన, ఆ తర్వాత పుట్టినవారికి బడిలో చేరిక మొదలు ఓటరు నమోదు, పాస్‌పోర్టు, ప్రభుత్వోద్యోగం, వివాహ నమోదు దాకా పుట్టిన తేదీకి, స్థలానికి జనన ధ్రువపత్రమే ఆధారం. పేరు లేకుండా జననం నమోదైతే, పన్నెండు నెలలలోపు రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చు. ఆపైన ఆలస్య రుసుముతో పదిహేనేళ్ళ వరకు వీలున్నది. తప్పు పడితే సరిచేయించుకునే హక్కును కూడా చట్టం ఇచ్చింది.

1641లో నిర్మితమైన శ్రీకాకుళం జామియా మసీదు మొదలుకొని చిన్న ఊళ్ళ మసీదుల వరకు ప్రతి కమిటీ ఈ పనికి పూనుకోవాలి. అఖీఖా నాడే బిడ్డ పేరును తెలుగులో, ఇంగ్లీషులో ఒకే విధంగా కాగితంపై రాసి తల్లిదండ్రుల చేతికివ్వాలి. చదువుకున్న యువకులు వారి వెంట నమోదు కార్యాలయానికి వెళ్ళాలి. అధికారులు కూడా కుటుంబం రాసి ఇచ్చిన రూపాన్నే నమోదు చేయాలి.

మీ బిడ్డకు ఫాతిమా అనే పెట్టండని మేము అనడం లేదు. జోయా అయినా, ఇనాయా అయినా, ఇష్టంతో పెట్టండి, భయంతో కాదు. పెట్టిన పేరును అక్షరం పోకుండా నమోదు చేయించండి. కూతురి కోసం లేచి నిలబడిన ప్రవక్త (స) అనుయాయులము మనము. మన కూతురి పేరు కోసం ఒక కార్యాలయం గుమ్మం దాకా నడవలేమా?