కబాడీ కంటే ముందు మిస్త్రీని పిలవండి



మా కృత్తివెన్ను వైపు చాలా ఇళ్ల దొడ్లలో ఓ పాత పవర్ టిల్లర్ పడి ఉంటుంది. పైన కొబ్బరి మట్టలు, హ్యాండిల్ మీద కోళ్లు, టైర్లు నేలకి అతుక్కుపోయి. "అది ఖతం అయిపోయింది భాయ్, కబాడీకి ఇచ్చేద్దామనుకుంటున్నా" అంటారు ఇంటివాళ్లు. ఏం ఖతం అయింది, ఎవరు చూసి చెప్పారు అని అడగండి, జవాబుండదు. నాడి చూడకుండానే జనాజాకి తయారవుతున్నాం. నా షికాయత్ అంతా దీని గురించే.

ఈ టిల్లర్లు అల్లాటప్పా సరుకు కాదు. 1967లో బెంగళూరులో పుట్టిన వీఎస్టీ జపాన్ మిత్సుబిషితో కలిసి చేసినవి కొన్ని. 1973లో కేరళలో మొదలైన సర్కారీ సంస్థ కామ్‌కో, కుబోటా నమూనాలో చేసినవి కొన్ని. పడుకోబెట్టిన ఒక్క సిలిండరు, పక్కన ఫ్లైవీలు, చేత్తో తిప్పే హ్యాండిలు. వీటిలో కంప్యూటర్ లేదు. హ్యాండిల్‌తో లేచే ఇంజన్‌కి బ్యాటరీ కూడా అక్కర్లేదు. గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది, ఆ వేడిలో డీజిల్ తుంపర పడితే మండుతుంది. గాలి, డీజిల్, కంప్రెషన్ అందితే పదేళ్లు పడుకున్న ఇంజన్ కూడా చాలాసార్లు లేస్తుంది.

అయితే జల్దీబాజీ పనికిరాదు. దొడ్లోంచి లాగగానే నలుగురు కుర్రాళ్లు హ్యాండిల్ పట్టుకుని తిప్పేస్తారు, అక్కడే చెడుతుంది పని. ముందు బెల్టులు తీసేసి, డికంప్రెషన్ లీవర్ ఎత్తి, ఫ్లైవీల్‌ని చేత్తో మెల్లగా కదపాలి. కదిలిందా, సగం పని అయినట్టే. కదలలేదంటే పిస్టన్ తుప్పుతో పట్టేసిందని షక్ పడాలి. మా చిచ్చా టిల్లర్‌కి ఇదే అయింది. మిస్త్రీ ముసలాయన, ఒక్క సుత్తి దెబ్బ కూడా వేయలేదు. నాజిల్ విప్పి, ఆ రంధ్రంలోంచి డీజిలూ ఇంజన్ ఆయిలూ కలిపి పోశాడు. పడుకోబెట్టిన సిలిండర్ కదా, పోసిందంతా కింది గోడ మీదే నిలుస్తుంది, పైగోడకి అందదు. అందుకని హెడ్ ఉన్న వైపు పైకి లేచేలా బండి కింద ఇటుకలు పెట్టించాడు. రోజూ పొద్దున వచ్చి ఫ్లైవీల్‌ని ఇటు కొంచెం, అటు కొంచెం కదిపి వెళ్లిపోయేవాడు. నాలుగో రోజు కదిలింది. అప్పుడు కూడా నాజిల్ బిగించకుండానే నాలుగు చుట్లు తిప్పించాడు. లోపల మిగిలిన ద్రవమంతా బయటికి చిమ్మింది. అది లోపలే ఉండగా బిగించి తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుందట. ఇంజన్ ఆయిల్ కూడా మొత్తం మార్చేశాడు, పోసిన డీజిల్ కొంత అందులోకి దిగి ఉంటుంది గనక. ఈ ఇల్మ్ ఆయనకి ఏ కాలేజీలోనూ దొరకలేదు.

ట్యాంకులో పాత డీజిల్ పారబోయాల్సిందే. అడుగున నీళ్లు, తుప్పు ఉంటాయి. ట్యాంకు కడిగి, ఫిల్టర్ మార్చి, తర్వాత గాలి తీయాలి. ఫిల్టర్ దగ్గర బోల్టు వదులు చేస్తే బుడగలతో డీజిల్ కారుతుంది, బుడగలు ఆగాక బిగించాలి. ఆ తర్వాత నాజిల్ పైపు నట్టు దగ్గర కూడా ఇదే పని. నాజిల్‌ని బందరులోనో భీమవరంలోనో డీజిల్ పంపులు చూసే షాపులో టెస్ట్ చేయిస్తే మంచిది. ఆ తుంపర ముందు వేలు మాత్రం పెట్టొద్దు, చర్మంలోకి దూసుకుపోతుంది. హ్యాండిల్ తిప్పేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉంచాలి, వెనక్కి కొడితే విరుగుతుంది. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఒక చెక్కపలక దగ్గర పెట్టుకోండి. పంపు పట్టేసి ఇంజన్ అదుపు తప్పి అరిస్తే, గాలి లోపలికి వెళ్లే దారిని ఆ పలకతో మూసేస్తే ఆగుతుంది. అరచెయ్యి అడ్డం పెట్టే బహాదురీ వద్దు.

మన ప్రాంతానికి ఇంకో ముసీబత్ ఉంది, ఉప్పు. సముద్రపు గాలి, ఉప్పుబోరు నీళ్లు, పక్కన రొయ్యల చెరువులు. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తే సిలిండర్ చుట్టూ పొర కట్టి, తుప్పు తిని, వేడి బయటికి పోదు. ఇక్కడ టిల్లర్ల ఉమ్ర్ తగ్గించేవాటిలో ఇదొకటి. కాలువ నీళ్లు వడగట్టి పోయండి, వాననీళ్లు పట్టి ఉంచుకుంటే మరీ బెహతర్. దమ్ము చేశాక రోటరీ పక్కన సీలు చూసుకోవాలి. అది పోతే బురద లోపలికి వెళ్లి బేరింగులు అరిగిపోతాయి.

ఇంత మెహనత్ ఎందుకు, కొత్తది ఫైనాన్స్‌లో వస్తుంది కదా అంటారు. వస్తుంది, సూద్‌తో సహా వస్తుంది. సూద్ నుంచి దూరంగా ఉండాలని జుమ్మాకి జుమ్మా వింటాం, దొడ్లో ఉన్న యంత్రాన్ని ఒక్కసారి విప్పి చూడకుండా కిస్తీల కాగితాల మీద దస్తఖత్ చేస్తాం. సబ్సిడీ వచ్చినా మిగతా సొమ్ము మన జేబులోదే. రెండెకరాల కొబ్బరితోట వాడికి, కౌలుకి వరి వేసేవాడికి ఆ కిస్తీ చిన్న బోఝ్ కాదు.

కొత్త యంత్రాల సంగతి అమెరికా రైతుల్ని అడగాలి. అక్కడ పెద్ద ట్రాక్టర్లలో సాఫ్ట్‌వేర్ ఉంటుంది, కంపెనీ మనిషి వస్తే తప్ప కొన్ని రిపేర్లు కావు. జాన్ డీర్ మీద రైతులు ఏళ్ల తరబడి కొట్లాడారు. 2023లో కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాల్ని రైతులే బాగుచేసుకునే హక్కుకి ఖానూన్ చేసింది. మన కేంద్రం కూడా 2022 జులైలో రిపేర్ హక్కు మీద ఒక కమిటీ వేసింది, అందులో వ్యవసాయ పరికరాలూ ఉన్నాయి. వాళ్లు కోర్టులకెక్కి అడుగుతున్న హక్కు మన పాత టిల్లర్‌తో ముఫ్త్‌గా వచ్చింది. స్పానర్ల సెట్టుంటే చాలు.

హక్కుంది, పని తెలిసిన చెయ్యే తగ్గిపోతోంది. నాకు అసలు ఫికర్ అదే. ఇంజన్లు విప్పడం, వెల్డింగ్, లేత్ పని మన బిరాదరీలో ఎన్నో ఇళ్లకి రోటీ పెట్టిన హునర్. ఆ ఇళ్లలోనే ఇప్పుడు "చేతికి గ్రీజు అంటకూడదు బేటా" అంటున్నారు. మా చిచ్చా మిస్త్రీకి ముగ్గురు కొడుకులు, ఒక్కరూ నేర్చుకోలేదు. వాళ్లని తప్పు పట్టలేను. నాలుగు రోజులు వచ్చి వెళ్లిన మనిషికి "పార్టులేం వేశావు, మజూరీ ఇంతెందుకు" అని బేరమాడే ఊళ్లో ఎవరు నేర్చుకుంటారు? పార్టుకి డబ్బిస్తాం, ఇల్మ్‌కి ఇవ్వడానికి చెయ్యి రాదు. టిల్లర్ విప్పే రోజు ఇంట్లో పిల్లాణ్నో పిల్లనో మిస్త్రీ పక్కన కూర్చోబెట్టండి. ఏ నట్టు ఎక్కడిదో ఫోన్‌లో ఫోటోలు తీయించండి. చిచ్చా మనవరాలు ఆ పని చేసింది, బిగించేటప్పుడు మిస్త్రీకే రెండుసార్లు గుర్తుచేసింది.

అన్నీ లేస్తాయని నేననను. బ్లాక్ పగిలినా, క్రాంక్ విరిగినా, గేర్‌బాక్స్ కేసింగ్ చిట్లినా ఖర్చు దండగ. చైనా నుంచి వచ్చిన కొన్ని బ్రాండ్లకి పార్టులు దొరకడమే కష్టం. 2020 జులైలో కేంద్రం టిల్లర్ల దిగుమతి మీద పాబందీ కూడా పెట్టింది. అలాంటిదైతే అమ్మేయండి, కానీ తూకానికి కాదు. పంపు, నాజిల్, గేర్లు, ఫ్లైవీలు విడివిడిగా మిస్త్రీకి చూపించండి, ఇంకో ఇంటి టిల్లర్‌కి పనికొస్తాయి. ఇంజన్ ఒక్కటే బాగుండి గేర్‌బాక్స్ పోతే, దాన్ని దిమ్మ మీద బిగించి నీళ్ల పంపుకి వాడుకోవచ్చు.

పని మొదలుపెట్టడానికి ఎండాకాలంలో కాలువలు కట్టేసే రోజులు సరైనవి. నీళ్లు వదిలాక మిస్త్రీ దొరకడు, దొరికినా నాలుగు రోజులు ఆగి పిస్టన్ కదిపే ఫుర్సత్ ఆయనకీ ఉండదు, మనకీ ఉండదు.