ఫార్ములా వచ్చు.. మరి కరెంటు తెలుసా?

‘ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు ఏ కనెక్షన్‌లో ఉంటాయి?’ అని అడిగితే ఈఈఈ విద్యార్థే కాదు, పదో తరగతి పిల్లాడు కూడా ‘ప్యారలల్’ అని ఠక్కున చెప్పేస్తాడు. ‘ఎందుకు?’ అని ఇంకో ప్రశ్న వేస్తే మాత్రం చాలామంది తడబడతారు. ఇంటర్వ్యూలో అసలు పరీక్ష మొదలయ్యేది ఆ రెండో ప్రశ్న దగ్గరే.

డిస్కం ఏఈ, ఎస్‌ఎస్‌సీ జేఈ, రైల్వే ఏఎల్‌పీ.. దేనికి ప్రిపేర్ అవుతున్నా షార్ట్‌కట్‌ల పుస్తకం కంటే ముందు చదవాల్సింది మీ ఇంటి మెయిన్ బోర్డును అన్నది నా అభిప్రాయం. రాత పరీక్షలో టైమ్ తక్కువ, నెగెటివ్ మార్కుల భయం ఎక్కువ. షార్ట్‌కట్ వద్దని ఎవరూ అనరు. కానీ అర్థం తెలియని షార్ట్‌కట్ నిండా ముంచుతుంది.

100 ఎలా వచ్చింది?

10, 20, 30 ఓమ్‌ల రెసిస్టర్లను ప్యారలల్‌గా కలిపారనుకోండి. ‘గుణించు, కూడిన దాంతో భాగించు’ అన్న సూత్రం గుర్తున్నవాళ్లు 6000ను 60తో భాగించి 100 టిక్ పెట్టేస్తారు. ఆ సూత్రం రెండు రెసిస్టర్లకే పనిచేస్తుంది. మూడు ఉంటే ఒక్కోదాని విలోమాన్ని కూడాలి. అసలు జవాబు సుమారు 5.45 ఓమ్‌లు.

సంగతి అర్థమైనవాళ్లకు 100 తప్పని లెక్క చేయకుండానే తెలుస్తుంది. ప్యారలల్‌లో ఇంకో రెసిస్టర్ కలపడమంటే కరెంటుకు ఇంకో దారి తెరవడమే. రైల్వే స్టేషన్‌లో నెమ్మదిగా టికెట్లిచ్చే కౌంటరైనా సరే, కొత్తగా ఒకటి తెరిస్తే నిమిషానికి బయటికొచ్చే జనం పెరుగుతారే తప్ప తగ్గరు. అందుకే మొత్తం రెసిస్టెన్స్ ఉన్నవాటిలో అతి చిన్నదానికంటే కూడా తక్కువే ఉంటుంది.

‘రెసిస్టెన్స్ తక్కువున్న దారిలోనే కరెంటు పోతుంది’ అన్నది ఇంకో అపోహ. అన్ని దారుల్లోనూ పోతుంది. 10 ఓమ్‌ల దారిలో పోయేది 30 ఓమ్‌ల దారిలో కంటే మూడు రెట్లు ఎక్కువ, అంతే.

హాస్టల్ గదిలో లెక్క

ఇది మార్కుల సంగతి మాత్రమే కాదు. హాస్టల్ గదిలో 6 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి 1000 వాట్ల ఇస్త్రీపెట్టె, 1500 వాట్ల కెటిల్ ఒకేసారి పెట్టారనుకుందాం. రెండూ ఒకే ఫేజ్, ఒకే న్యూట్రల్ మధ్య ఉన్నాయి కాబట్టి రెండింటికీ అందేది అదే 230 వోల్టులు. ఇస్త్రీపెట్టె తీసుకునేది సుమారు 4.3 ఆంపియర్లు, కెటిల్ తీసుకునేది 6.5. ఓమ్‌లలో చూస్తే ఒకటి 53, ఇంకోటి 35, రెండూ కలిస్తే 21. 230ని 21తో భాగిస్తే వచ్చేది దాదాపు 11 ఆంపియర్లు.

ఇస్త్రీపెట్టె బాగానే వేడెక్కుతుంది, నీళ్లూ బాగానే కాగుతాయి. అంతా సవ్యంగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ ఆ రెండు కరెంట్ల మొత్తాన్ని మోస్తున్నది ఎక్స్‌టెన్షన్ వైరు. వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే 6 ఆంపియర్ల దగ్గర పుట్టే వేడికి ఇది మూడు రెట్లకు పైనే. ప్లగ్గు కరిగేది, మంట అంటుకునేది ఇలాగే. ‘ప్యారలల్‌లో కరెంట్లు కూడతాయి’ అన్న ఒక్క వాక్యం వెనక ఇంత కథ ఉంది.

మోటారు వేస్తే లైటు ఎందుకు డిమ్ అవుతుంది?

ప్యారలల్‌లో వోల్టేజీ సమానమే కదా, మరి బోరు మోటారు స్విచ్ వేయగానే బల్బు ఎందుకు డల్ అవుతుంది? నన్నడిగితే పది ఫార్ములాల కంటే ఈ ఒక్క ప్రశ్న మేలు. స్తంభం నుంచి ఇంటికొచ్చే సర్వీస్ వైరుకూ కొంత రెసిస్టెన్స్ ఉంటుంది. అది ఇంట్లో ఉన్న మొత్తం లోడుకి సిరీస్‌లో ఉంటుంది. మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలు కంటే కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. దాంతో సర్వీస్ వైరులోనే వోల్టేజీ కొంత పడిపోయి, ఇంట్లోకి వచ్చేది తగ్గుతుంది. ‘వోల్టేజీ సమానం’ అంటే బ్రాంచీలన్నింటికీ ఒకేలా అందుతుందని. ఎప్పుడూ 230 ఉంటుందని కాదు!

ఈ వారం చేయాల్సిన పని

ఇంట్లో ఒక్కో వస్తువు మీద రాసి ఉన్న వాట్లు నోట్ చేసుకోండి. 230తో భాగించండి. గీజర్, ఇస్త్రీపెట్టె లాంటి వేడిచేసే వస్తువులకు ఈ లెక్క సరిపోతుంది. మోటార్లకు పవర్ ఫ్యాక్టర్ కూడా చూడాలి. తర్వాత కాగితం మీద మీ ఇంటి సర్క్యూట్ గీసి, మొత్తం కరెంటును ఎంసీబీ మీద రాసి ఉన్న ఆంపియర్లతో పోల్చండి. బోర్డు విప్పే పనేమీ లేదు, విప్పొద్దు కూడా. పెన్ను, కాగితం చాలు.

ఇంటర్వ్యూలో మీ ముందు కూర్చునే ఇంజినీర్ రోజూ లైన్లు, లోడ్లతో పనిచేసే మనిషి. ఫార్ములా ఆయనకూ తెలుసు. మీ ఇంటి సర్క్యూట్ గీసి ఎక్కడ ఎంత కరెంటు పోతుందో, ఎందుకు పోతుందో చెప్పగలిగితే మీరు పనికొస్తారని ఆయనకు నమ్మకం కుదురుతుంది.