తాళాలు అడిగే ముందు

నలభై దాటినవారు డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్‌కు వెళ్తే డాక్టరు సంతకంతో ఫారం 1-ఏ ఇవ్వాలి. అందులో ఒక ప్రశ్న ఉంటుంది: మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటును ఈయన గుర్తుపట్టగలరా? డెబ్బై దాటిన చాలామంది విషయంలో దీనికి నిజాయతీగానే అవునని రాయొచ్చు. వాళ్లకు ఇబ్బంది పగటిపూట కాదు. వాన పడుతున్న సాయంత్రం ఏడింటికి, ఎదుటి బండి హైబీమ్ ఎల్‌ఈడీ లైట్లు వేసుకొచ్చినప్పుడు. శుక్లాలు మొదలైన కంట్లో ఆ వెలుగు చెదిరిపోయి, కాసేపు రోడ్డే మాయమవుతుంది. మెడ పూర్తిగా తిరగకపోవడం, షుగరు వల్ల పాదాలు మొద్దుబారి బ్రేకు మీద ఎంత బలం పడుతోందో తెలియకపోవడం, మధ్యాహ్నం వేసుకున్న మాత్ర మత్తు, ఇవేవీ నంబరు ప్లేటు ప్రశ్నకు అందవు.

2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక, 55 దాటినవారికి లైసెన్సు ఐదేళ్లకోసారి రెన్యువల్ అవుతుంది. పై వయసుకు హద్దు లేదు. గడువులోగా వెళ్తే మళ్లీ నడిపి చూపించక్కర్లేదు. కారుకు మాత్రం పదిహేనేళ్లు నిండగానే దాన్ని తీసుకెళ్లి ఫిట్‌నెస్ చూపించాలి. బండిని అంత శ్రద్ధగా చూసే వ్యవస్థ, దాన్ని నడిపే మనిషి దగ్గరికి వచ్చేసరికి ఒక సంతకంతో సరిపెట్టుకుంటోంది.

దాంతో ‘ఇక నడపొద్దు’ అని చెప్పే పని ఇంట్లోవాళ్ల మెడకు చుట్టుకుంటుంది. అమెరికా నుంచి కొడుకు ఫోన్ చేస్తాడు: ‘నాన్నా, నువ్వింక కారు తియ్యకు, క్యాబ్ బుక్ చేసుకో.’ ‘నలభై ఏళ్ల నుంచి నడుపుతున్నా, ఒక్క గీత పడలేదురా!’ ఆ గీతలెక్కడున్నాయో అపార్టుమెంటు సెల్లార్లోకి వెళ్లి చూడాలి. పార్కింగ్ పక్కనున్న పిల్లరు మీద, సరిగ్గా బంపరు ఎత్తులో, కారు రంగు చారలు ఒకదానిమీద ఒకటి కనిపిస్తాయి. సంగతి అందరికంటే ముందు తెలిసేది వాచ్‌మన్‌కే. ‘రానీండి సార్, రానీండి’ అంటూ రోజూ వెనకాల నిలబడేది అతనే కదా.

తాళాలు దాచేస్తే సమస్య తీరిందనుకోవడం దగ్గరే మనం తప్పులో కాలేస్తున్నాం. ఆయన కారు మానేస్తే భార్య కూడా ఇంటికి పరిమితమైపోతుంది. ఆ తరంలో డ్రైవింగ్ నేర్చుకున్న ఆడవాళ్లు తక్కువ. ఆమె గుడికి, చెల్లెలింటికి, కంటి ఆస్పత్రికి వెళ్లాలన్నా ఆయన పక్క సీట్లోనే. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఛార్జీ లేదు. మంచి పనే. కానీ మోకాళ్లు అరిగిన మనిషికి మొదటి మెట్టే కొండ. బస్సు స్టాపులో ఆగక ఇరవై అడుగులు ముందుకెళ్లి ఆగితే పరిగెత్తే వయసు కాదు. స్టాపు దాకా నడుద్దామంటే ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మరో, పానీపూరీ బండో, వరసగా నిలిపిన బైకులో ఉంటాయి. ఇక క్యాబ్ అంటారా, దగ్గరి దూరమైతే డ్రైవరు ఫోన్ చేసి ‘ఎక్కడికి సార్? క్యాషా, ఆన్‌లైనా?’ అని అడిగి క్యాన్సిల్ కొట్టేస్తాడు.

అప్పుడేమవుతుంది? కారు మానేసిన పెద్దాయన పాత స్కూటరు బయటికి తీస్తాడు. ‘పక్క వీధికే కదా’ అని హెల్మెట్ కూడా పెట్టుకోడు. కారులో గీతతో పోయేది స్కూటరు మీద తుంటి ఎముక విరిగేదాకా పోతుంది. పిల్లలు కారు తాళాల గురించి గొడవపడినంతగా స్కూటరు తాళం గురించి ఆలోచించరు.

జపాన్ ఈ బాధ మనకంటే ముందే పడింది. స్వచ్ఛందంగా లైసెన్సు తిరిగిచ్చే పద్ధతి అక్కడ 1998 నుంచీ ఉంది. 2019 ఏప్రిల్‌లో టోక్యోలోని ఇకెబుకురోలో 87 ఏళ్ల మాజీ ఉన్నతాధికారి నడిపిన కారు ఒక తల్లినీ మూడేళ్ల కూతురినీ పొట్టన పెట్టుకుంది. కారులోనే లోపముందని ఆయన వాదించాడు. బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కాడని కోర్టు తేల్చి, 2021లో ఐదేళ్ల శిక్ష వేసింది. ప్రమాదం జరిగిన ఏడాదే దాదాపు ఆరు లక్షల మంది లైసెన్సులు వాపసు చేశారు. 75 దాటితే రెన్యువల్‌కు జ్ఞాపకశక్తి, ఆలోచనా శక్తి పరీక్ష తప్పదు. కొన్ని రకాల ఉల్లంఘనలున్నవారు 2022 మే నుంచి బండి నడిపి కూడా చూపించాలి. నాకు నచ్చింది ఇంకొకటి. లైసెన్సు ఇచ్చేసినవారు అడిగితే, వారి డ్రైవింగ్ చరిత్రను చెప్పే ఒక ధ్రువపత్రం ఇస్తారు. గుర్తింపు కార్డుగా పనికొస్తుంది, చాలా ఊళ్లలో దాన్ని చూపిస్తే బస్సు, టాక్సీల్లో రాయితీ. అంత చేసినా, బస్సులు లేని పల్లెల్లో పెద్దలు స్టీరింగ్ వదలలేకపోతున్నారు. మన ఆర్టీఏలు అలాంటి పత్రం ఇవ్వడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 60 దాటినవారికి ఆర్టీసీ ఇస్తున్న 25 శాతం రాయితీని ఈ పత్రం ఉన్నవారికి మరికొంత పెంచినా సంస్థ మునిగిపోదు.

కారు నడపడం వేరు, ఉంచుకోవడం వేరు. లైఫ్ ట్యాక్స్ కట్టేశాం, ఉంటే ఉండనీ అని కవరు కప్పి వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుంది, ఎలకలు వైర్లు కొరుకుతాయి, ఇన్సూరెన్సు మాత్రం ఏటా కట్టాల్సిందే. వారానికి రెండుసార్లు యాక్టింగ్ డ్రైవర్ని పిలవగలిగితే ఉంచుకోవచ్చు. లేదంటే ఓపిక ఉన్నప్పుడే అమ్మెయ్యడం మేలు. మానడం కూడా ఒక్కరోజులో జరగక్కర్లేదు. ముందు రాత్రిపూట, తర్వాత హైవే, ఆ తర్వాత కొత్త చోట్లు. ‘ఇక తియ్యకు’ అంటే రోషపడే మనిషి, ‘చీకటి పడ్డాక వద్దులే’ అంటే చాలాసార్లు వింటాడు.

1965 వలస చట్టం తర్వాత అమెరికా వెళ్లిన తొలితరం తెలుగువాళ్లు ఇప్పుడు సరిగ్గా ఈ వయసులోనే ఉన్నారు. పాల ప్యాకెట్ కావాలన్నా కారు తియ్యాల్సిన శివారు ఇళ్లు వాళ్లవి. ఆ ఇళ్లకు వెళ్లి ఆర్నెల్లుండి వచ్చిన తల్లిదండ్రులు ‘కాళ్లు కట్టేసినట్టుంది’ అని చెప్పుకున్నారు. అదే నమూనాను మనం ఔటర్ రింగ్‌రోడ్డు అవతల కట్టుకుంటున్నాం. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో గేటెడ్ కమ్యూనిటీలో విల్లా కొనే అరవయ్యేళ్ల మనిషి తూర్పు ముఖమా, ఉత్తర ముఖమా అని పదిమందిని అడుగుతాడు. గేటు నుంచి బస్టాపు ఎంత దూరమో, మందుల షాపుకు నడిచి వెళ్లగలడో లేదో అడగడు. బ్రోచర్లో ‘ఎయిర్‌పోర్టుకు ఇరవై నిమిషాలు’ అని రాస్తారు. డెబ్బై అయిదేళ్లప్పుడు ఆ ఇరవై నిమిషాలు ఎవరు నడుపుతారో అక్కడ ఉండదు. లేఅవుటుకు అనుమతిచ్చే అధికారులు రోడ్ల వెడల్పు, పార్కు స్థలం కొలిచినట్టే, నడవగలిగిన దూరంలో బస్సు ఉందా అన్నది కూడా చూడాలి. లేకపోతే ఫైలు వెనక్కి పంపాలి.