నడుములో నీటి తిత్తి: కత్తి కావాలా, సూది చాలా?

ప్రశ్న: మా అమ్మగారి వయసు 54 సంవత్సరాలు. ఏడాదిగా నడుము నొప్పి. ఎమ్మారై తీయిస్తే వెన్ను చివర "టార్లోవ్ సిస్టు" వుందని రిపోర్టు వచ్చింది. ఆపరేషను చేయించకపోతే కాళ్ళు పడిపోతాయని తెలిసినవాళ్ళు భయపెడుతున్నారు. వున్న ఎకరంన్నర తాకట్టు పెట్టడానికి సిద్ధపడ్డాం. సూదితో కూడా నయం చేస్తారని విన్నాం. నిజమేనా?
– ఒక పాఠకుడు, కనిగిరి

జవాబు: పొలం తాకట్టు మాట కాస్త ఆపండి. మీరు పంపిన రిపోర్టులో తిత్తి 1 సెంటీమీటరు అని వుంది. నొప్పి నడుముకే పరిమితమనీ, వంగి కలుపు తీసిన రోజున ఎక్కువవుతుందనీ, కాళ్ళలోకి దిగదనీ, మూత్రానికి ఇబ్బంది లేదనీ మీరే రాశారు. ఇలాంటి నొప్పికి ఆ తిత్తి కారణం కాకపోవడానికే ఎక్కువ అవకాశం వుంది.

అదెలాగో చెబుతాను. వెన్నుపాము నడుములోని మొదటి, రెండవ పూసల దగ్గరే ముగిసిపోతుంది. అక్కడినుంచి కిందికి దిగేవి నరాల పోగులు మాత్రమే, గుర్రం తోకలాగా. మెదడు చుట్టూ వుండే తేటనీరులాంటి ద్రవమే వీటి చుట్టూ కూడా వుంటుంది. ముడ్డిపూసకు పైన అయిదు పూసలు కలిసిపోయి ఏర్పడిన వెడల్పాటి ఎముకను త్రికాస్థి అంటారు. అక్కడ నరం బయటికి వెళ్ళేచోట దాని తొడుగులోకి ఈ ద్రవం చేరి బుడగలాగా వుబ్బుతుంది. 1938లో మాంట్రియల్ నగరంలో ఐసడోర్ టార్లోవ్ అనే వైద్యుడు శవపరీక్షల్లో వీటిని గమనించి వర్ణించాడు. అందుకే ఆ పేరు. ఆడవారిలో కొంచెం ఎక్కువ. ఇంకేదో కారణానికి ఎమ్మారై తీసినప్పుడు కూడా ఇవి కనబడుతుంటాయి. అలా కనబడినవారిలో చాలామందికి దానివల్ల ఏ బాధా వుండదు. కనబడినదంతా రాయడం రిపోర్టు రాసే డాక్టరు ధర్మం. రాసినదంతా జబ్బు అనుకోవడం మన తొందర.

మరి తిత్తే నొప్పికి కారణమని ఎప్పుడు అనుమానించాలి? కూర్చుంటే నొప్పి పెరిగి, పడుకుంటే తగ్గుతూ వుంటే. దగ్గినా, ముక్కినా నొప్పి పిరుదుల్లోకి, తొడ వెనక్కి, మర్మావయవాల దగ్గరికి పాకుతూ వుంటే. అక్కడ తిమ్మిరి వుంటే. ఆ తిమ్మిరి వున్న చోటు, తిత్తి వున్న నరం పాలించే చోటు ఒకటే అయివుండాలి. అవసరమైతే ఆ నరం దగ్గర తిమ్మిరి మందు ఇచ్చి చూస్తారు. కొద్ది గంటలు నొప్పి మాయమైతే అనుమానం బలపడుతుంది.

నడుములో ఇంకోరకం తిత్తి వుంది. దాన్నీ దీన్నీ కలగాపులగం చేయకూడదు. పూసల వెనకవైపు జంటగా చిన్న కీళ్ళు వుంటాయి. మోకాళ్ళు అరిగినట్లే ఇవీ అరుగుతాయి. అరిగిన కీలునుంచి చిన్న నీటి సంచి పొడుచుకువచ్చి పక్కనున్న నరాన్ని నొక్కుతుంది. సాధారణంగా అరవైకి అటూ ఇటూ వయసువారిలో, నడుము నాలుగు, అయిదు పూసల మధ్య వస్తుంది. నాలుగడుగులు వేయగానే కాలు లాగేస్తుంది. కూర్చుంటేనో, ముందుకు వంగితేనో హాయిగా వుంటుంది.

సూది వైద్యం ఎక్కువగా పనికివచ్చేది ఈ రెండో రకానికే. రోగిని బోర్లా పడుకోబెట్టి, చర్మానికి మాత్రం తిమ్మిరి మందు ఇచ్చి, ఎక్స్‌రే తెరమీద చూస్తూ సూదిని కీలులోకి పంపుతారు. రంగుమందు ఎక్కించి తిత్తి ఎక్కడుందో చూసుకొని, స్టెరాయిడ్ మందు ఇచ్చి, వత్తిడితో ఆ తిత్తిని పగలగొడతారు. పగిలే క్షణంలో కాలులో నొప్పి జివ్వుమంటుంది. చాలామంది ఆ సాయంత్రమే ఇంటికి వెళ్ళిపోతారు. ఇలా చేయించుకున్నవారిలో సుమారు సగంమంది ఆపరేషను తప్పించుకుంటారు. మిగిలినవారికి తిత్తి మళ్ళీ నిండడమో, నొప్పి తగ్గకపోవడమో జరుగుతుంది. అప్పుడు చిన్న గొట్టం గుండా సూక్ష్మదర్శినితో చూస్తూ, రెండు మూడు సెంటీమీటర్ల కోతతో తిత్తిని తీసివేయవచ్చు.

టార్లోవ్ తిత్తి సంగతి వేరు. నీరు తోడేస్తే మళ్ళీ వూరుతుంది, బావిలాగా. అందుకని సి.టి. స్కాను సహాయంతో నీరు తోడి, రక్తంలోని పదార్థాలతో తయారైన ఫైబ్రిన్ జిగురును లోపల నింపుతారు. కొందరికి మంచి ఫలితం కనబడింది. కానీ తిత్తి గోడలోనే నరపు పోగులు వుంటాయి కనుక జిగురు నరాలను రేపవచ్చు, మెదడు పొరల వాపు, తలనొప్పి రావచ్చు. ఏ పద్ధతి మేలో నిగ్గుతేల్చిన పెద్ద పరిశోధనలు లేవు. అందుచేత తిత్తి ఎంత పెద్దదని కాక, అది బాధిస్తున్నదా లేదా అని చూసి మాత్రమే ఈ పనికి దిగాలి.

ఇక సూది జోలికి వెళ్ళకూడని తిత్తులు కూడా వున్నాయి. కుక్కల పేగుల్లోని ఒకరకం బద్దెపురుగు గుడ్లవల్ల వచ్చే హైడాటిడ్ తిత్తి గొర్రెలూ కుక్కలూ కలిసి తిరిగేచోట్ల ఎక్కువ. వెన్నులో రావడం అరుదే. కానీ పొరపాటున గుచ్చితే లోపలి నీరు కారి ప్రాణం మీదికి రావచ్చు. వెన్నుపూసలకు క్షయ సోకినా చీము చేరుతుంది. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్ళు కూడా వదలని నొప్పి వుంటే ముందు ఆ పరీక్షలు జరగాలి.

కాళ్ళు పడిపోతాయన్న భయం గురించి: మీ అమ్మగారికి ఇప్పుడు ఆ సూచనలేవీ లేవు. అయితే మూత్రం బిగిసిపోవడం, తెలియకుండా పోవడం, కూర్చునే భాగం మొద్దుబారడం, పాదం వేలాడబడటం – వీటిలో ఏది కనబడినా మర్నాటికి వాయిదా వేయక, ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి.

ప్రస్తుతానికి మంచం పట్టనివ్వకండి. నడవనివ్వండి. వంగి చేసే పని, బరువులు కొన్నాళ్ళు మానిపించి, ఫిజియోథెరపిస్టు దగ్గర నడుము, పొట్ట కండరాల వ్యాయామాలు నేర్పించండి. నొప్పి మాత్రలు డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకొని నెలల తరబడి మింగితే మూత్రపిండాలు పాడవుతాయి. రెండు మూడు నెలలకూ తగ్గకపోతే న్యూరోసర్జరీ విభాగం వున్న ప్రభుత్వాసుపత్రిలో చూపించండి. గుంటూరులో ఆ విభాగం వుంది. ఒకవేళ అక్కడ సూది సలహా ఇస్తే, ఆమెకు మధుమేహం వున్నా, రక్తం గడ్డకట్టకుండా మందులు వాడుతున్నా ముందుగానే చెప్పాలి. స్టెరాయిడ్‌తో కొన్నిరోజులు చక్కెర పెరుగుతుంది. వెళ్ళేటప్పుడు ఎమ్మారై ఫిలిములు కూడా పట్టుకువెళ్ళండి. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు.