సీటు మెత్తనైతే నొప్పి పోదు

ఆదివారం పొద్దున్నే మన విశాఖ బీచ్ రోడ్డు మీద సైకిళ్ళు తొక్కేవాళ్ళలో సాఫ్ట్‌వేర్ జనాలూ బాగానే ఉంటారు. కాలేజీ అయ్యాక సైకిలు ముట్టనివాళ్ళు కూడా మొదటిరోజే ఆర్కే బీచ్ నుంచి భీమిలి కొట్టేస్తారు. పోనూ రానూ సుమారు 50 కిలోమీటర్లు! సోమవారం ఆఫీసు కుర్చీలో కూచోలేరు. మంగళవారం జెల్ సీటు కవరు ఆర్డరిస్తారు. ఆ తర్వాత సైకిలు బాల్కనీలో బట్టలారేసుకోడానికి పనికొస్తుంది. రోజంతా కుర్చీకి అతుక్కుపోయే మనకి ఇది చిన్న నష్టమేం కాదు.

నా మటుకు నాకు ఆ కవరు దండగ. మన బరువు మోయాల్సింది పిర్రల కింది రెండు ఎముకలు. సీటు మరీ మెత్తగా ఉంటే అవి దిగబడిపోయి, మధ్యలో ఉన్న మెత్తటి భాగం నలుగుతుంది. పోర్టుకి, షిప్‌యార్డుకి డ్యూటీకెళ్ళిన మన నాన్నల తరం అట్లాస్, హీరో సైకిళ్ళకి స్ప్రింగుల వెడల్పు సీటు సరిపోయింది, వాటిమీద నిటారుగా కూచుంటారు కాబట్టి. ముందుకి వంగి తొక్కే గేర్ల సైకిలుకి ఆ లెక్క కుదరదు.

ముందు డబ్బు ఖర్చవని పనులు చెయ్యండి. కిందికి వచ్చిన పెడల్ మీద మడమ పెడితే కాలు తిన్నగా చాపినట్టుండాలి. సీటు అంతకంటే ఎత్తైతే నడుము అటూఇటూ ఊగి చర్మం ఒరుసుకుపోతుంది. సీటు ముందుకీ వెనక్కీ వాలకుండా సమంగా ఉండాలి. పది నిమిషాలకోసారి పెడళ్ళ మీద లేచి నిలబడండి. ఇక కొనాలంటే ప్యాడ్ ఉన్న షార్ట్స్ కొనండి. లోపల ఇంకేం వేసుకోకూడదు. మన ఉక్కపోతకి తొక్కిన ప్రతిసారీ ఉతకాల్సిందే.

మొదటి రెండువారాలు రోజు విడిచి రోజు అరగంట చాలు. మామూలు నొప్పి అయితే అలవాటుతో తగ్గుతుంది. తిమ్మిరెక్కితే మాత్రం ఓర్చుకోవద్దు, సీటు సర్దండి, లేదా మార్చండి.

భీమిలి ఎక్కడికీ పోదు లెండి.